లారీకి పండుగ తెల్వదు

మా నాయిన పోయిన రోజు వాడకట్టు ఆడవాళ్లందరూ ఒకటే మాట చెప్పుకున్నారు. పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని తిన్న మనిషి అని. ఎదురింటి లక్ష్మమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"నేను తిన్ననో లేదో మా ఇంటాయన ఇప్పటిదాంక ఒక్కనాడు అడుగలే. మీ నాయిన మీ అమ్మ ముంగట కంచం లేనిదే బుక్క నోట్లె పెట్టకపోయేటోడు. గసొంటి మనిషి ఏడ దొరుకుతడు బిడ్డా."

నేను తల ఊపాను. చావింట్లో ఎవరి మాటనూ ఎవరూ కాదనరు. పైగా ఆమె చెప్పింది అబద్ధం కూడా కాదు. మా నాయిన నిజంగానే అట్లా తినేవాడు. ఆయన తిన్న తీరు గురించి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు కాబట్టి ఇది రాస్తున్నాను.

మా ఇల్లు జహీరాబాద్‌లో బస్టాండుకు వెనకాల వాడలో ఉంది. నాయిన హైవే పక్కన ఒక లారీల ఆఫీసులో పని చేసేవాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే అల్లం బస్తాలు, ఆలుగడ్డ బస్తాలు లోడు చేయించి బొంబాయి వైపూ, హైదరాబాద్ వైపూ పంపడం ఆయన పని. ఉగాది అయినా, దసరా అయినా, దీపావళి అయినా పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ అంగీ తొడుక్కుని, గుమ్మంలో చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఒకే మాట అనేవాడు.

"ఏం జేస్తం. లారీకి పండుగ తెల్వదు."

అందుకే మా ఇంట్లో పండుగ పొద్దు గూకిన తర్వాత వచ్చేది. వాడలో అందరూ మధ్యాహ్నానికే తిని, ఆడవాళ్లు అరుగుల మీద ఆకు వక్క నములుతూ కూర్చునేవాళ్లు. మా అమ్మ అప్పుడు పప్పు రుబ్బుతూ ఉండేది. నాకూ తమ్ముడికీ మధ్యాహ్నం పూట అటుకుల్లో ఇంత కారం, నూనె కలిపి పెట్టేది. "పండుగ వంట మీ నాయిన వచ్చినంక. అందరం కూడి తిందాం," అనేది. పక్కింటి వంటల వాసన గోడ దాటి వచ్చేది. తమ్ముడు ఏడిస్తే నేనే వాణ్ని ఊరుకోబెట్టేదాన్ని. పండుగ నాడు కూడా పనిమీద పోయే తండ్రి ఉన్నందుకు నాకు లోపల గర్వంగా ఉండేది. బళ్లో ఎవరైనా అడిగితే నేను కూడా అదే మాట చెప్పేదాన్ని. లారీకి పండుగ తెల్వదు.

చీకటి పడే వేళకు బండి చప్పుడు అయ్యేది. నల్లా దగ్గర కాళ్లు కడుక్కుని, చేతి గడియారం విప్పి ఉప్పు డబ్బా మీద పెట్టేవాడు. తర్వాత పొయ్యి దగ్గరికి పోయి గిన్నెల మీది మూతలు ఒక్కొక్కటే తీసేవాడు. బళ్లో సారు హాజరు తీసుకున్నట్టు పేర్లు పిలిచేవాడు.

"బగార వచ్చింది. పప్పుచారు వచ్చింది. గారెలు వచ్చినయి. పాయసం, నువ్వు రాలేదా?"

"వస్తున్నది, ఇంక పొయ్యి మీదనే ఉన్నది," అని అమ్మ నవ్వేది. రోజంతా పొయ్యి దగ్గర మాడిన ముఖం అప్పుడు తేటపడేది.

కంచాలు గుండ్రంగా పెట్టించేవాడు. అమ్మ వడ్డించడానికి నిలబడితే ఒప్పుకునేవాడు కాదు. "ఆడోళ్లు ఆఖర్ల తినుడు నాకు నచ్చదు. గిన్నెలన్నీ నడుమ పెట్టు. ఎవలకు కావాల్నంటే వాళ్లు పెట్టుకుంటరు. నువ్వు కూసో," అనేవాడు. అమ్మ కూర్చున్నాక తన కంచంలో మొదటి బుక్క కలిపి అమ్మ కంచంలో పెట్టేవాడు. మా మేనత్తలు వచ్చినప్పుడు ఇది చూసి మూతులు తిప్పుకునేవాళ్లు. బయటికి పోయి మెచ్చుకునేవాళ్లు.

ఇక మాటలు మొదలయ్యేవి. షోలాపూర్ డ్రైవర్ ఒకడు తోవలో కోడిపిల్లను కొని, దాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని బొంబాయి దాకా పోయిన కథ. చెక్‌పోస్టు దగ్గర పోలీసాయన అల్లం లోడు మీద ఎక్కి జారిపడిన కథ. ఆయన చెప్తూ ఉంటే మేము నవ్వి నవ్వి పొలమారేవాళ్లం. చెప్తున్నంత సేపూ ఆయన వేళ్లు అన్నాన్ని కలుపుతూనే ఉండేవి. కలిపిందే కలిపి, ముద్ద చేసి, మళ్లీ విడగొట్టి, అటు జరిపి ఇటు జరిపి. కథ అయిపోయేసరికి మా కంచాలు ఖాళీ అయ్యేవి. ఆయన కంచంలో అన్నం అట్లాగే ఉండేది.

"జరంత తినరాదు," అనేది అమ్మ.

"నాకు చాలు. పొద్దందాక దుమ్ముల ఉంటే నోరు చచ్చిపోతది."

"ఒక్క గారె."

"రేపు తింట. పెట్టియ్యి."

మామూలు రోజుల్లో ఇట్లా కాదు. అన్నం, పప్పు, ఇంత తొక్కు వేసుకుని ఉన్నంతలో బాగానే తినేవాడు. పండుగ వస్తేనే ఆయన కడుపు మూసుకుపోయేది. అమ్మ దానికి తనకు తోచిన కారణం కనిపెట్టింది. పండుగ వంట బరువు, ఆయనకు పడదు. అప్పటి నుంచి మా ఇంట్లో కారం తగ్గింది, నూనె తగ్గింది, పులుపు సగానికి వచ్చింది. బగార అన్నంలో మసాలా పేరుకే ఉండేది. తమ్ముడు ముఖం ముడుచుకుంటే "మీ నాయిన కడుపు కోసం బిడ్డా" అనేది. అయినా ఆయన తినలేదు. అల్లం దంచి, బెల్లం వేసి, కషాయం కాచి పరగడుపున తాగించింది. ఆయన ముక్కు మూసుకుని బుద్ధిగా తాగాడు. దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు కడుపు నొక్కి చూసి, పరీక్షలు చేయించి, ఏమీ లేదన్నాడు. "ఫికర్ చేయకండి, మంచిగున్నడు," అన్నాడు. అమ్మకు ఫికర్ పోలేదు. డాక్టరుకు దొరకనిది దేవుడికి దొరుకుతుందని శనివారం ఒక్కపొద్దు పట్టింది. పొద్దున్నుంచీ చాయ, మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. రాత్రి నాయిన వచ్చాక ఆయనతో పాటు ఇంత తింటుంది. ఆయన పండుగ వంట కడుపు నిండా తిన్న రోజున ఒక్కపొద్దు విడుస్తానని మొక్కుకుంది.

నాయినకు ఆ మొక్కు సంగతి తెలుసు. శనివారం సాయంత్రం అమ్మ నీరసంగా గోడకు ఆనుకుని కూర్చుంటే, "నా కోసం నువ్వెందుకు మాడుతవే," అని తల మీద చెయ్యి వేసేవాడు. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగేవి. మేము పెద్దవాళ్లమయ్యాం, నేను చదువు ముగించి జహీరాబాద్‌లోనే ఒక బళ్లో టీచరుగా చేరాను. అమ్మ ఒక్కపొద్దు మాత్రం ఆగలేదు.

మా వైపు ఎల్లమాస అని ఒక పండుగ ఉంది. చలికాలంలో, పంట చేతికొచ్చే ముందు అమావాస్య నాడు వస్తుంది. పొలం ఉన్నవాళ్లంతా వంటలు బండ్ల మీద పెట్టుకుని చేలకు పోతారు. జొన్న సొప్పతో చిన్న గుడిసె లాంటిది కట్టి, అందులో రాళ్లకు సున్నం పూసి పాండవులని మొక్కుతారు. చేను చుట్టూ అంబలి చల్లుతారు. ఆనక చెట్టు నీడన కూర్చుని తింటారు. ఆ రోజు చేను పక్క నుంచి పోయే మనిషిని ఎవరూ తినకుండా పోనివ్వరు. పచ్చి శనగలు, అనపగింజలు, కంది గింజలు, దొరికిన ఆకుకూరలన్నీ కలిపి, చింతపండు పులుసు పోసి ఉడికించే కూరను భజ్జి అంటారు. సజ్జ రొట్టెలతో తింటారు. మాకు పొలం లేదు. అమ్మ ఇంట్లోనే భజ్జి చేసేది, మేము రాత్రికి తినేవాళ్లం.

ఆ ఏడాది ఎల్లమాస శనివారం పడింది. మా బళ్లో పని చేసే సావిత్రి టీచరుది రాయికోడ్ దగ్గర పల్లె. "చేన్ల ఎల్లమాస ఎట్లుంటదో నువ్వు చూడనే లేదు గద, రా," అని వారం ముందు నుంచే పిలిచింది. అమ్మ పొమ్మంది. "నేనెట్లన్న ఒక్కపొద్దున్న. నువ్వు పో. పొద్దుగూకే వరకు రా, మీ నాయిన వచ్చేటాళ్లకు అందరం ఉండాలె," అని చెప్పి, అనపకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. నాయిన అప్పటికే గుమ్మంలో తన మాట అనేసి పోయాడు.

సావిత్రి వాళ్ల ఊరి దాకా ఆటోలో పోయి, అక్కడి నుంచి గట్ల మీద నడిచాం. ఎటు చూసినా సొప్ప గుడిసెలు, పొగలు, పిల్లల కేకలు. సావిత్రి వాళ్ల చేనుకు ఇంకా ఒక చెలక అవతల ఉండగానే, రేగుచెట్టు కింద దుప్పటి పరుచుకుని తింటున్న వాళ్ల దగ్గరి నుంచి ఒక నడివయసు ఆమె పిలిచింది.

"ఓ సావిత్రక్కా, ఎల్లమాస నాడు తినకుండ పోతవా. ఆ బిడ్డను గూడ తీస్కరా."

ఆమెకు ఎదురుగా, మాకు వీపు పెట్టి ఒకాయన కూర్చుని తింటున్నాడు. అంగీ చూసి గుర్తుపట్టలేదు నేను. తినే తీరు చూసి అసలే గుర్తుపట్టలేదు. సజ్జ రొట్టెను మడిచి, భజ్జిలో ముంచి, కూర కారకుండా తల వంచి నోట్లో పెట్టుకుంటున్నాడు. మాటలు లేవు, కథలు లేవు. తినడం ఒక్కటే పని. వేళ్లు నాకి, కంచం ముందుకు జరిపి, "ఇంకో రొట్టె వెయ్యి. భజ్జి గూడ. అడుగుది వెయ్యి, అది మంచిగుంటది," అన్నాడు.

ఆ గొంతు విని నా కాళ్లు ఆగిపోయాయి.

ఆమె రొట్టె వేసింది. పక్కన ఇంటర్ చదివే వయసు పిల్ల ఒకతి ఉంది. "నాయినా, పెరుగు పొయ్యాల్నా?" అని అడిగింది. ఆయన అవునన్నట్టు తల ఊపి, అప్పుడు ఇటు తిరిగాడు.

నన్ను చూశాడు. నోట్లో బుక్క ఉంది. దవడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా నమిలి మింగాడు. పక్కనున్న చెంబులో నీళ్లు తాగాడు. తర్వాత అడిగాడు.

"ఎవల బిడ్డవమ్మా?"

బజారులో పరాయి పిల్లను పలకరించినట్టు, మర్యాదగా, కొంచెం నవ్వు ముఖంతో అడిగాడు. సావిత్రే చెప్పింది.

"మా బళ్లె టీచరు. జహీరాబాద్."

"మంచిది. పట్నం పిల్ల, ఎండల నడిచి వచ్చింది. పెట్టు," అని ఆమెతో అన్నాడు.

సావిత్రి కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఆ పిల్ల నా ముందు మోదుగాకు విస్తరి పెట్టింది. వాళ్లమ్మ రొట్టె వేసి, భజ్జి వడ్డించి, "సిగ్గు పడకు బిడ్డా," అంది. నేను తిన్నాను. కారం ఎక్కువ, పులుపు ఎక్కువ. మా ఇంట్లో ఏళ్లుగా మానేసిన రుచులన్నీ అందులో ఉన్నాయి. ఎదురుగా నాయిన తన పెరుగన్నం పూర్తిగా తిని, కంచం తుడిచినట్టు చేసి లేచాడు. ఆ తర్వాత గట్టు మీదికి పోయి, మేము వెళ్లేదాకా అటు తిరిగి నిలబడ్డాడు.

దారిలో సావిత్రి తనంతట తానే చెప్పింది. ఆమెకు ఏమీ తెలియదు.

"ఆయన పండుగ పండుగకు తప్పక వస్తడు. పొద్దుమూకెటాళ్లకు పోతడు. జహీరాబాద్‌ల లారీల ఆఫీసుల రాత్రి డ్యూటీ అంట. పాపం ఆమె, ఒక్కనాడన్న రాత్రి బువ్వ పెట్టే భాగ్యం లేదని బాధపడ్తది. లారీకి రాత్రి పగలు తెల్వదంటడు."

సావిత్రి వాళ్ల చేనులో నేను మంచినీళ్లు తప్ప ఏమీ తాగలేకపోయాను. తలనొప్పి అని చెప్పి తొందరగా బయల్దేరాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను ఆలోచించింది ఆ వడ్డించినామె గురించి కాదు, ఆ పిల్ల గురించీ కాదు. మా ఇంట్లో గుండ్రంగా పెట్టే కంచాల గురించి. అమ్మ నిలబడి వడ్డిస్తే ఆయన ఎంత తిన్నాడో ఆమెకు తెలిసిపోయేది. ఇంకా వెయ్యనా అని కంచం మీదికి వంగేది. పక్కన కూర్చోబెట్టి, ఆమె కంచంలో బుక్క పెట్టి, కథలు చెప్పి నవ్వించినంత సేపు ఎవరి కన్నూ ఆయన కంచం మీద పడలేదు. వాడంతా మెచ్చుకున్న ఆ మర్యాదకు అర్థం నాకు జహీరాబాద్ వచ్చే లోపల తెలిసిపోయింది.

నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, ఆకలికి పెదవులు ఎండిపోయి గోడకు ఆనుకుని ఉంది. "మంచిగ తిన్నవా?" అని అడిగింది. తిన్నానన్నాను. ఆయన రాడేమో అనుకున్నాను. వచ్చినా నా ముఖం చూడలేడనుకున్నాను.

వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. గడియారం విప్పి ఉప్పు డబ్బా మీద పెట్టాడు. మూతలు తీశాడు.

"భజ్జి వచ్చింది. రొట్టెలు వచ్చినయి."

నా వైపు ఒక్కసారి చూశాడు. బతిమిలాడుతున్న చూపు కాదది. ఆడపిల్లవు, ఇంటి పరువు తెలిసినదానివి, నువ్వు చెప్పవని నాకు తెలుసు అన్న చూపు. నన్ను ఆ నమ్మకమే ఎక్కువ కాల్చింది. పొద్దున నన్ను ఎవరి బిడ్డవని అడిగిన మనిషి, పొద్దుగూకాక నేను తన బిడ్డనే అన్న ధైర్యంతో వచ్చి కూర్చున్నాడు.

మొదటి బుక్క అమ్మ కంచంలో పెట్టాడు. లోడు గురించి ఏదో కథ మొదలుపెట్టాడు. తమ్ముడు నవ్వాడు. నాయిన రొట్టె తుంచి, కూరలో అటూ ఇటూ తిప్పి, పక్కన పెట్టాడు.

"జరంత తినరాదు," అంది అమ్మ. "పొద్దున్నుంచి ఒక్కపొద్దుండి వండిన."

"కడుపుల జాగ లేదే. రేపు తింట."

అమ్మ నిట్టూర్చింది. "ఇన్ని ఒక్కపొద్దులున్నా ఆ దేవునికి దయ రాకపాయె," అని తన రొట్టె కూడా పక్కన పెట్టబోయింది. ఇక నేను ఊరుకోలేకపోయాను.

"అమ్మా, నువ్వు తిను. నాయిన పొద్దున తిన్నడు. రాయికోడ్ కాడ చేన్ల కూసోని తిన్నడు. నేను చూసిన."

తమ్ముడి నవ్వు ఆగింది. నాయిన వేళ్లు ఆగాయి. అమ్మ ముందు నన్ను చూసి, తర్వాత ఆయన్ని చూసింది. ఆయన కాదనలేదు. అమ్మకు ఆ మౌనం చాలు. ఎవరి చేను, ఎవరు పెట్టారు అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"ఏం తిన్నడు?" అంది నన్ను.

"సజ్జ రొట్టె, భజ్జి. పెరుగన్నం."

"పులుపుండెనా భజ్జిల?"

"ఉండె. కారం గూడ ఉండె."

అమ్మ తన కంచంలోని కూర వైపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఆమె వేస్తె తిన్నడా, అడిగి పెట్టిచ్చుకున్నడా?"

నేను చెప్పకూడదనుకున్నాను. కానీ ఆమె నా కళ్లలోకి చూస్తూ ఉంది. "అడిగి పెట్టిచ్చుకున్నడు," అన్నాను.

అమ్మ ముఖంలో అంతవరకు నిలిచి ఉన్నదేదో అప్పుడు కూలిపోయింది. ఏడవలేదు. రొట్టెల బుట్ట ముందుకు లాక్కుంది. "నాకు ఆకలైతుంది," అంది. ఆ మాట ఆమె నోటి నుంచి నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. రొట్టె తీసుకుని, కూర వేసుకుని తినడం మొదలుపెట్టింది. ఎవరినీ చూడకుండా, ఆగకుండా తిన్నది.

నాయిన కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. "పండుగ పూట గిదేం లొల్లి," అన్నాడు. ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు.

ఆయన ఇల్లు వదిలి పోలేదు. అమ్మ పొమ్మనలేదు. కానీ ఆ వచ్చిన ఉగాది నుంచి మా ఇంట్లో పండుగ మధ్యాహ్నం అయింది. వాడలో అందరితో పాటు వంట, అందరితో పాటు తిండి. నాయిన చీకటి పడే వేళకు వచ్చి కాళ్లు కడుక్కునేసరికి గిన్నెలు తోమి బోర్లించి ఉండేవి. ఆయన కోసం ఒక కంచంలో అన్నం, కూర పెట్టి, మీద ఇంకో కంచం మూసి ఉంచేది అమ్మ. ఆయన ఒక్కడే కూర్చుని ఆ మూత తీసేవాడు. పేర్లు పిలిచేవాడు కాదు. శనివారాలు అమ్మ మామూలుగా తింటూ ఉండేది. కూరల్లోకి మళ్లీ కారం వచ్చింది. ఆయనకు అది బాగానే పడిందని నేను వేరే చెప్పనక్కర్లేదు.

నాతో మాట్లాడాలని ఆయన కొన్నాళ్లు తిరిగాడు. చివరికి ఒక రోజు బడి విడిచే వేళకు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. బస్టాండు దగ్గర చాయ్ హోటల్‌కు తీసుకుపోయాడు. చాయ్ చల్లారిపోయేదాకా సాసర్ తిప్పుతూ కూర్చుని, అప్పుడు అన్నాడు.

"ఆ రోజు నిన్ను తెల్వదన్నది, ఆ పిల్ల కోసం. దానికి మీ సంగతి తెల్వదు. వాళ్లమ్మకు తెల్సు."

"మరి నాకు తెల్వాల్సిన పని లేకుండెనా?"

"నీకు ఇల్లుంది. అమ్మ, తమ్ముడు ఉన్నరు. నలుగుట్ల నా బిడ్డ అని పేరుంది. దానికేముంది? పండుగనాడు ఒక్క పూట. ఆ పూట గూడ గుంజుకోవాల్నా?"

"ఆ పూట మాది గాదా, నాయినా? అమ్మ ఆ పూట ఉపాసముండి వండె. నువ్వు ఆమె తల మీద చెయ్యి వేసి, నా కోసం ఎందుకు మాడుతవు అంటివి. ఆ ఒక్క మాట అనకుంటే ఏమైతుండె?"

ఆయన చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగాడు. కప్పు కింద పెట్టి, "మీ అమ్మ మీద నాకు ప్రేమ లేక గాదు," అన్నాడు. కావచ్చు. ఆ మాట అబద్ధమని నేనిప్పటికీ అనలేను. ప్రేమ ఉన్న మనిషే ఒకామె ఆకలిని వారం వారం చూస్తూ కూర్చోగలిగాడన్నది నాకు ఇంకా మింగుడు పడదు. ఆయన చాయ్ డబ్బులిచ్చి లేచాడు. మేమిద్దరం ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నాకు పెళ్లయి సంగారెడ్డి పోయాను. ఫోన్లో "తిన్నవా బిడ్డా" అని అడిగేవాడు. "తిన్న" అని చెప్పి పెట్టేసేదాన్ని.

పోయిన వానాకాలం గుండెనొప్పి వచ్చి, దవాఖానకు తీసుకుపోతుండగానే పోయాడు. చేను దగ్గర చూసిన ఆ తల్లీ బిడ్డలు మా ఇంటికి రాలేదు. వచ్చి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు.

పదో దినం నాడు పిట్టకు పెట్టడం మా దిక్కు ఆనవాయితీ. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి బయట ఉంచుతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. పొద్దున్నే మా మేనత్త, నాయిన చెల్లెలు, కొంగు నడుముకు చుట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"వదినె, అన్నకు ఏమేం ఇష్టమో చెప్పు. చకచక వండేస్త."

అమ్మ పీట మీద కూర్చుని ఉంది. "నాకేం తెల్సు," అంది.

మేనత్త ఆమె దుఃఖంలో అట్లా అంటుందనుకుంది. "గదేంది వదినె. ఇన్నేండ్లు వండి పెట్టినవు, నీకు తెల్వకుంటె ఎవలకు తెలుస్తది?" అని నా వైపు చూసింది. తమ్ముడూ నా వైపే చూశాడు. నాకు తెలుసని ఆ ఇంట్లో ముగ్గురికి తెలుసు. నేను నోరు తెరిచేలోపల అమ్మ లేచింది.

"నువ్వు జరుగు. నేనే వండుత," అంది.

సంచిలో నుంచి ఒక పొట్లం తీసింది. క్రితం రోజు లక్ష్మమ్మతో సంతలో తెప్పించిందట. విప్పితే ఎండు రొయ్యలు. మా ఇంట్లో అవి ఎన్నడూ వండగా నేను చూడలేదు. పెనం మీద వేయించగానే వాసన ఇల్లంతా లేచింది. ముందు గదిలో కూర్చున్న చుట్టాలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అమ్మ లేత వంకాయలు కోసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి దట్టంగా వేసి, చింతపండు పులుసు పోసింది.

మేనత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "అన్నకు ఈ వాసన పడదు గద వదినె."

"నాకు పడ్తది," అంది అమ్మ.

మిగిలిన వంట మేనత్తే చేసింది. తమ్ముడు విస్తరి పట్టుకుని బయటికి పోయాడు. అన్నం, మటన్, గారెలు, వాటి పక్కన ఎండు రొయ్యల కూర. చుట్టాలందరూ వాడి వెనకాల పోయి, దూరంగా నిలబడి ప్రహరీ గోడ మీదికి, కరెంటు తీగల మీదికి చూస్తున్నారు. అమ్మ కోసం వెతికితే అక్కడ లేదు. వంటింట్లోకి వచ్చాను.

నేల మీద కూర్చుని ఉంది. ముందు కంచంలో పొగలు వచ్చే అన్నం, ఆ కూర. తీరిగ్గా, ఒక్కో రొయ్యను వేళ్లతో తీసి రుచి చూస్తూ తింటోంది. ఆమెకు ఈ కూర ఇష్టమని నాకు ఆ రోజు దాకా తెలియదు. నేను పక్కన కూర్చున్నాను.

"మా తల్లిగారింట్ల తిన్న. పెండ్లయినంక మళ్ల ఇదే," అంది నా వైపు చూడకుండానే.

బయట అలికిడి అయింది. ఎవరో కేక వేశారు. మేనత్త కళ్లు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, "ముట్టింది వదినె. కాకి ముట్టింది. అన్న తృప్తిగ పోయిండు," అని చెప్పింది.

"ముట్టనీ," అని, అమ్మ గిన్నె దగ్గరికి జరుపుకుని ఇంకింత అన్నం పెట్టుకుంది.